యూరోల్లో జీతమా? సంతకానికి ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్‌లో కూర్చుని జర్మనీ కంపెనీకి పనిచేసేవాళ్లు, ఐర్లాండ్‌కో ఫ్రాన్స్‌కో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. చేతికొచ్చే ఆఫర్ లెటర్, పంపే ఇన్‌వాయిస్ యూరోల్లో ఉంటాయి. అక్కడ మొత్తాలు రాసే తీరు వేరు. అది తెలియకపోతే నష్టపోయేది మన జేబే.

ముందు దేశం చూసుకోండి. యూరప్ అంతా యూరో నడవదు. 2026లో బల్గేరియా చేరాక, యూరోపియన్ యూనియన్‌లో యూరో వాడే దేశాలు 21 అయ్యాయి. స్వీడన్, డెన్మార్క్, పోలండ్ యూనియన్‌లో ఉన్నా సొంత కరెన్సీలే వాడుతున్నాయి. స్విట్జర్లాండ్‌లో జీతం ఫ్రాంకుల్లో ఇస్తారు. స్టాక్‌హోమ్ కంపెనీ జీతం 50,000 అంటే, అది నెలకు క్రోనాల్లోనా, ఏడాదికి యూరోల్లోనా అని అడిగి తీరాలి.

తర్వాత అంకె. మనం 1,250.50 అని రాసేదాన్ని జర్మనీలో 1.250,50 € అని రాస్తారు. అక్కడ చుక్క వేలను విడదీస్తుంది, కామా తర్వాతవి సెంట్లు. అద్దె ఒప్పందంలో 1.250 € అని ఉంటే పన్నెండు వందల యాభై యూరోలు, ఒకటింబావు కాదు. మీరు ఇన్‌వాయిస్ పంపేటప్పుడు చుక్కా కామా లేకుండా 2500 అని రాసి, పక్కన అక్షరాల్లో కూడా రాయండి.

యూరో గుర్తును జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్‌లలో అంకె తర్వాత పెడతారు. ఐర్లాండ్, నెదర్లాండ్స్‌లలో ముందు. ఒక కాగితంలో ఒకే పద్ధతి పాటించండి. ఒప్పందాల్లో, బ్యాంకు ఫారాల్లో మాత్రం EUR అనే మూడక్షరాల అంతర్జాతీయ కోడే రాయండి. కొన్ని ఫాంట్లలో ఆ గుర్తు ఖాళీ గడిగా మారిపోతుంది. కోడ్‌కు ఆ ఇబ్బంది లేదు.

ఇంగ్లిష్ ఒప్పందంలో ఎంత పెద్ద మొత్తానికైనా 'యూరో' అని ఏకవచనమే కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. యూనియన్ చట్టాల ఇంగ్లిష్ పాఠంలో అలాగే రాస్తారు. పాత ఫైళ్లలో 'ఎక్యూ' అని ఉంటే అది యూరోకు ముందున్న లెక్క. 1999 జనవరి 1న ఒకటికి ఒకటిగా యూరోలోకి మారింది.

చివరగా మూడు ప్రశ్నలు. చెప్పిన జీతం పన్నుకు ముందా, తర్వాతా? రూపాయల్లోకి మార్చేటప్పుడు ఏ రోజు రేటు తీసుకుంటారు? బ్యాంకు ఛార్జీలు ఎవరు భరిస్తారు? వీటికి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా జవాబు వచ్చాకే సంతకం పెట్టండి. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు. అది మీ కష్టార్జితం.