బడిముంగిట బాటసారుల రక్షకులు

7 మీటర్ల వెడల్పుగల వీధిని ఆరేడేండ్ల బాలుడు దాటుటకు ఇంచుమించు 7 సెకనులు పట్టును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున వచ్చు మోటారు ఆ వ్యవధిలో సుమారు 78 మీటర్లు సాగును. అనగా అంత దూరమున కనబడు బండి తన దరికి ఎప్పుడు చేరునో ఆ పసివాడు లెక్క కట్టవలెను. పెద్దలే తడబడు లెక్క యిది. స్వీడన్ దేశపు పరిశోధకురాలు స్టీనా సాండెల్స్ పిల్లల నడవడిని పరిశీలించి వ్రాసిన గ్రంథము 1975లో ఆంగ్లమున వెలువడినది. ఎంత శిక్షణ నొసగినను చిన్నపిల్లలను రహదారికి పూర్తిగా అనువుగా మలచజాలమని ఆమె తేల్చెను. కనుక పిల్లల కొరకు బండ్లను ఆపు మనిషి అవసరమగుచున్నాడు.

బ్రిటన్‌లో బాత్ నగరమున 1937లో మేరీ హంట్ అను మహిళ ఈ పనికి నియమితురాలయ్యెను. తరువాత 1953లో ప్రత్యేక చట్టము వెలువడి, 1954 జులైలో అమలునకు వచ్చెను. పొడుగాటి కర్రకు గుండ్రని పలకను తగిలించి నిలుచు ఈ స్త్రీలను అచ్చటి పిల్లలు పుల్లమిఠాయి పేరుతో ‘లాలీపాప్ లేడీ’ అని పిలుతురు. పేరు ముద్దుగా నున్నను ఆ పలకకు చట్టబలము కలదు. దానిని చూచియు ఆగని చోదకునికి 1,000 పౌండ్ల వరకు జరిమానా విధింపవచ్చును.

అమెరికాలో, ముఖ్యముగా కాలిఫోర్నియా రాష్ట్రమున, పెక్కు నగరములు ఈ పనిని ప్రైవేటు సంస్థలకు కాంట్రాక్టు నిచ్చుచున్నవి. ఉదయమొక గంట, మధ్యాహ్నమొక గంట మాత్రమే సాగు కొలువునకు పోలీసులను కేటాయించుట నగరమునకు భారమే. కాంట్రాక్టు సంస్థ మనుషులను వెదకి, వారి పూర్వచరిత్రను విచారించి, శిక్షణ నిచ్చి, బీమా చేయించి, గంటల లెక్కను నగరమునుండి సొమ్ము పుచ్చుకొనును. అన్నిటికంటె ముఖ్యమైనది, ఒకరు జబ్బుపడిన ఉదయమున మరియొకరిని ఆ మూలకు పంపుట. నగరములను ఈ ఒప్పందములవైపు మొగ్గించునది చాలవరకు ఈ సౌకర్యమే యని మేము తలంతుము.

పని తీరు తెలిసికొనదగినది. ఆ దేశపు రహదారి సంకేతముల నియమావళి ప్రకారము ఈ రక్షకుడు పోలీసువలె రాకపోకలను నడిపింపరాదు. బండ్ల వరుసలో తగిన సందు కొరకు వేచి, ఆ సమయమున తాను ముందుగా వీధిలోనికి నడచి నిలువవలెను. చేతనుండు పలక ఎనిమిది అంచులు కలదై, ఎఱ్ఱని రంగున, కనీసము 18 అంగుళముల కొలతతో, రెండు వైపులను ‘ఆగుము’ అను అక్షరములు కలిగి యుండవలెను. పిల్లలందఱు ఆవలి గట్టు చేరువరకు అతడు నడివీధినే యుండును. పిల్లల కంటె ముందు దిగి, వారి తరువాత ఎక్కువాడన్నమాట!

ఇట్టి పనిని తక్కువ ధరకు ఒప్పుకొన్న సంస్థకు అప్పగించిన ఏమగును? రెండు గంటల కూలికి, అదియు నడుమ పలు గంటల విరామముతో, ఎవ్వరును ఎక్కువ కాలము నిలువరు. నెలకొకరు మారిన మూలయందు, ఏ పిల్లవాడు పరుగెత్తునో, ఏ మలుపున బండి కనబడదో ఎఱిగిన కన్ను దొరకదు. ఆ ఎఱుకను ఏ టెండరు పత్రములోను ధర కట్టలేము. కాంట్రాక్టు వలదని మా వాదము కాదు. ఏ మూలయందు రక్షకుడుండవలెనో, నిలువని మనుషులను పంపు సంస్థను ఏమి చేయవలెనో నిర్ణయించు బాధ్యత నగరముననే యుండవలెను.

మన పట్టణములలో పెక్కుచోట్ల బడి కావలివాడో, వ్యాయామోపాధ్యాయుడో ఈల ఊది, చేయి చాచి ఆటోలను, బస్సులను ఆపుట మనము చూచుచునే యున్నాము. వారి మంచితనమునకు మనము ఋణపడి యున్నాము. అయితే ఆ కావలివాడు సెలవు పెట్టిన దినమున ఆ చేయి ఎవరిది కావలెనో ముందుగా వ్రాసియుంచిన కాగితము మాత్రము సాధారణముగా ఏ బడిలోను కానరాదు.