జనరేటరు పొగ, పీడనపు గదిలో ప్రాణవాయువు

ప్రశ్న: ముసురు పట్టిన రాత్రి కరెంటు పోగా, ఏరియేటర్లు ఆగిన రొయ్యలు తేలిపోవునను భయముతో మా తమ్ముడు జనరేటరును తడవకుండ కాపలా షెడ్డులోనికి లాగి, తలుపు మూసి అక్కడనే పండుకొన్నాడు. తెల్లవారి స్పృహ లేదు. ఆసుపత్రిలో వేలికి పెట్టిన యంత్రము ప్రాణవాయువు 98 శాతమని చూపినను మాస్కుతో ఆక్సిజన్ ఇచ్చిరి. సాయంత్రమునకు లేచి మాటలాడినాడు. వారము దాటినది. పీడనపు గది చికిత్సకు మద్రాసు తీసికొనిపొమ్మని బంధువులు అనుచున్నారు. పోవలెనా?
— ఒక పాఠకుడు, మైపాడు

జవాబు: మీ తమ్ముడు లేచి మాటలాడెనను వార్త మాకెంతయు ఊరట. ఆ 98ని మాత్రము నమ్మవలదు. జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన పట్టుతో హిమోగ్లోబిన్‌ను అంటుకొనును. వేలి యంత్రమునకు ఆ రెంటి భేదము తెలియదు గనుక, రక్తము తీసి పరీక్షించిననే నిజము తేలును.

రక్తములోని ఈ విషము సగమునకు దిగుటకు మామూలు గాలిలో నాలుగైదు గంటలును, మాస్కుతో నిండు ప్రాణవాయువు పీల్చిన గంట గంటన్నరయు, వాతావరణమునకు రెండున్నర మూడు రెట్ల పీడనము గల గదిలో సుమారు 20 నిమిషములును పట్టును. ఆ పీడనమున ప్రాణవాయువు రక్తద్రవములోనే కరిగి, హిమోగ్లోబిన్ సాయము లేకయే అవయవములకు అందునని 1895లోనే హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై నిరూపించెను. 2002లో వీవర్ ప్రభృతులు ప్రకటించిన అమెరికా పరీక్షలో, 24 గంటల వ్యవధిలో మూడుమారులు ఈ చికిత్స పొందినవారిలో 25 శాతమునకును, పొందనివారిలో 46 శాతమునకును ఆరు వారముల పిమ్మట జ్ఞాపకము, ఆలోచన దెబ్బతిన్నట్లు కనబడెను. ఇతర పరీక్షలలో కొన్ని దీనిని బలపరచలేదు. వైద్యులలో వాదము నేటికిని కలదు.

ఆ చికిత్సకు విలువ మొదటి గంటలలోనే. వారము గడచి, మనిషి తేరుకొన్న పిమ్మట అప్పు చేసి మద్రాసు పోనక్కరలేదు. అయితే ఈ విషము కొందరిలో నలువది దినముల లోపల మరల తల యెత్తును: మతిమరుపు, అకారణ కోపము, నడకలో తూలుట, పక్క తడుపుట. ఇవి వయసుకో మద్యమునకో అంటగట్టక వెంటనే నరముల వైద్యునికి చూపుడు.

ఇట్టి ఆపద మరల వచ్చిన, ముందు మనిషిని బయటి గాలిలోనికి లాగి 108ని పిలువవలెను. స్పృహ తప్పినవారికి, గుండెనొప్పి కలవారికి, గర్భిణికి (కడుపులోని బిడ్డను ఈ విషము తల్లి కంటె నిదానముగా విడుచును) పీడనపు గది అవసరమా యని వైద్యుని ఆనాడే అడుగవలెను. ఎంత దూరము పోయినను దారిలో మాస్కు తీయరాదు.

జనరేటరును లోపల పెట్టి కిటికీ తెరచినంతమాత్రమున చాలునని తలపకుడు. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. కార్తీకపు తుపానులు రాకమునుపే, మనుష్యులు పండుకొను చోటికి దూరముగా, నాలుగు ప్రక్కలు తెరచియున్న రేకుల కప్పు క్రిందికి జనరేటరును మార్పింపుడు.