పెద్ద బండి వచ్చినప్పుడు స్నేహితుడు చేయవలసిన పని

పాఠ్యభాగములు: సంఖ్యాకాండము 4:29-33, 7:1-9, 10:29-32, 2 సమూయేలు 6:1-11, 1 దినవృత్తాంతములు 15:11-15.



మన నల్లగొండ, పాలమూరు సీమలలో ఇంటిని బండి మీద వేసికొని తిరుగుట కొత్త సంగతి కాదు. 1889లో అప్పటి రష్యా సామ్రాజ్యములోని మెనోనైట్ సహోదర సంఘములనుండి అబ్రహాము ఫ్రీసెన్ దొరగారు బయలుదేరి వచ్చి, అమెరికను బాప్తిస్టు మిషనుతో కలిసి నల్లగొండలో పని ప్రారంభించిరి. 1899లో అమెరికానుండి హీబర్టు దొరగారు హైదరాబాదు చేరిరి. తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, గద్వాల మొదలగు చోట్ల మిషను స్థలములు ఏర్పడెను. వానలు వెనుకబడి చలికాలము రాగానే దొరలును, మన తెలుగు బోధకులును, బైబిలు స్త్రీలును ఎద్దుబండ్ల మీద డేరాలు, మంచములు, వంటపాత్రలు, మందుల పెట్టెలు, పుస్తకములు వేసికొని ఊరూరు తిరిగెడివారు. ఒక తోపులో డేరా వేసి కొన్ని దినములుండి, మరల అంతయు విప్పి, మూటగట్టి, తరువాతి ఊరికి సాగెడివారు. ఆ బండ్లే వారి ఇల్లు.

నేటి సువార్తికునికి ఎద్దుబండి లేదు గాని, అవసరము మాత్రము అదే. ఈ నెల పాఠము అట్టి యొక బండిని గూర్చినది. ఆ బండి నా స్నేహితునిది. అతడు నాకంటె చిన్నవాడు, ఊళ్లు తిరిగి బోధించువాడు. చాలా ఏండ్లు ఒక చిన్న వ్యానులో వెనుక సీట్లు తీసివేసి, అందులోనే ఒక బల్ల, ఒక స్టవ్వు, ఒక నీళ్ల డబ్బా పెట్టుకొని, భార్యతో కూడ అందులోనే నిద్రించి, తెల్లవారి మరియొక ఊరికి వెళ్లెడివాడు. ఇప్పుడు ఒక పాత మినీబస్సును కొని, హైదరాబాదులో పడకలు, చిన్న వంటగది, నీళ్ల తొట్టి అమర్పించుకొనెను. దీనిని మోటారు క్యారవాను అందురు. మన పల్లెవారు మాత్రము ఇల్లుబండి అనిరి.

బండి సిద్ధమైనదని కబురు వచ్చిన రాత్రి అతడు మా యింటికి వచ్చెను. నేను ఇరువది యేండ్లకు పైగా లారీ నడిపినవాడను. "అన్నా, బండి తెచ్చుకోవాలె. చిన్నదాని మీద ఉన్న ధైర్యం ఈ పెద్దదాని మీద నాకు లేదు. నువ్వు పక్కన కూర్చుంటే చాలు," అనెను. అట్లడుగుట అతనికి సులభము కాలేదని ముఖము చూచి తెలిసికొంటిని. మోషే కూడ అడిగెను. మేఘస్తంభము ముందు నడచుచున్నను, అరణ్యములో ఎక్కడ దిగవలెనో ఎరిగిన హోబాబును తమతో రమ్మని, తమకు కన్నులుగా ఉండుమని బతిమాలుకొనెను. దేవుని నడిపింపు కలవాడు మనుష్యుని సహాయము అడుగుట అవిశ్వాసము కాదు. ఈ మాట మొదట జ్ఞాపకముంచుకొనుడి.

1. పేరు పేరున లెక్క చూచుకొనుట

గుడారపు బరువులను మోయువారికి అప్పగించునప్పుడు, ఏ వస్తువు ఎవరు మోయవలెనో పేరు పేరున లెక్కించి అప్పగింపవలెనని దేవుడు మెరారీయుల విషయమై ఆజ్ఞాపించెను. పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు మాత్రమే గాక, మేకులును త్రాళ్లును ఆ లెక్కలో ఉండెను. మేకు చిన్నదే, కాని అది లేనిదే గుడారము నిలువదు.

మేమును అట్లే ఒక కాగితము వ్రాసికొంటిమి. మొదట కాగితములు: రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, ఫిట్‌నెసు, పొగ సర్టిఫికెటు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, బండి రూపమును మార్చినయెడల ఆ మార్పు రిజిస్ట్రేషను పుస్తకములో ఎక్కవలెను. బస్సు అని వ్రాసియున్న దానిలో పడకలు వేసి, ఎవరు చూడవచ్చెదరులే అని తిరుగుట విశ్వాసికి తగదు. ప్రమాదము జరిగిన దినమున ఇన్సూరెన్సువారు మొదట చూచునది అదే. రెండవది లైసెన్సు. తేలిక వాహనము నడుపు లైసెన్సు మొత్తము బరువు 7,500 కిలోలకు మించని బండ్లకే చెల్లును. ఖాళీ బండి బరువు చూచి సంతోషింపరాదు. మనుష్యులు, సామాను, నీళ్లు, అన్నియు ఎక్కిన తరువాతి బరువును చూడవలెను.

తరువాత టైర్లు. టైరు ప్రక్కన చెక్కియున్న నాలుగు అంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అని యుండినయెడల అది 2019వ సంవత్సరము 23వ వారములో చేసిన టైరు. పైకి గీతలు బాగుగా నుండినను, ఎండలో నిలిచి నిలిచి రబ్బరు పగుళ్లు బారియుండును. మా స్నేహితుని బండికి వెనుక టైర్లు రెండు అట్లుండగా, వాటిని మార్చిన తరువాతనే డబ్బు పూర్తిగా చెల్లించితిమి. అతడు సంకోచపడెను. మొగమాటమునకు పోయి మౌనముగా నుండుట ప్రేమ కాదని చెప్పితిని.

2. బరువుకు తగిన బండ్లు

సంఖ్యాకాండము ఏడవ అధ్యాయములో ప్రధానులు ఆరు గూడుబండ్లను, పండ్రెండు ఎద్దులను తెచ్చిరి. తెరలు మోయు గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు. పలకలు, స్తంభములు, దిమ్మలు మోయు మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. అందరికిని సమానముగా పంచలేదు. బరువు ఎంతో చూచి బండ్లు ఇచ్చెను.

పెద్ద బండి వచ్చినదని సామాను పెంచుకొనుట మన స్వభావము. ఒక లీటరు నీళ్లు ఒక కిలో బరువు. 200 లీటర్ల తొట్టి నింపినయెడల ముగ్గురు పెద్దమనుష్యుల బరువు ఎక్కినట్లే. తొట్టి సగమే నిండియుండినయెడల నీళ్లు ముందుకు వెనుకకు కొట్టుకొని మలుపులలో బండిని ఊపును. కాబట్టి బరువైనవి క్రిందను, ముందు వెనుక చక్రముల నడుమను ఉండవలెను. పైన బట్టలు, దుప్పట్లు వంటి తేలికవి చాలును. గ్యాసు సిలిండరును నిలువుగా నుంచి గట్టిగా కట్టవలెను. వంట గ్యాసు గాలికంటె బరువైనది. లీకైనప్పుడు అది నేల మీద పేరుకొనును. అందుచేత పైన కిటికీ యుండిన చాలదు, అడుగున కూడ గాలి పోవు రంధ్రముండవలెను. బండి నడుచుచుండగా సిలిండరు మూసియుండవలెను. తలుపులు మూసికొని నిద్రించునప్పుడు స్టవ్వు గాని కుంపటి గాని వెలుగుచుండరాదు. దాని విషవాయువునకు వాసన ఉండదు.

3. కొత్త బండి చాలదు

దావీదు మందసమును కొత్త బండి మీద ఎక్కించెను. ఉద్దేశము మంచిది, పాటలును వాద్యములును ఉండెను. అయితే ఫిలిష్తీయులు చేసినట్లు చేసెనే గాని, దేవుడు చెప్పిన విధము ఏదని విచారింపలేదు. నాకోను కళ్లమునొద్ద ఎద్దులు జారెను, ఉజ్జా చెయ్యి చాపి చచ్చెను. మూడు నెలల తరువాత దావీదు లేవీయులను పిలిచి, మనము విధి చొప్పున విచారింపలేదని ఒప్పుకొనెను. బండి కొత్తదైనంతమాత్రమున నడపు విధము రాదు.

హైదరాబాదునుండి కల్వకుర్తి వైపు వచ్చుచు, కడ్తాలు దాటువరకు అతడు చిన్న వ్యానును నడిపినట్లే నడిపెను. ఆమనగల్లు దగ్గర ఒక మలుపులో వెనుక చక్రము మట్టిలోనికి దిగెను. నేను కేక వేసి, స్టీరింగు మీదికి చెయ్యి చాపితిని. బండి ఆగెను, ఎవరికిని దెబ్బ తగలలేదు. అయితే అతని చేతులు వణకెను, వెనుక కూర్చున్న సహోదరి కన్నీరు పెట్టుకొనెను. "ఇంతకంటె చిన్నదే నయముండె," అనెను. ఆ దినమున తప్పు అతనిది కొంత, నాది ఎక్కువ. నన్ను కన్నుగా ఉండుమని పిలిచెను గాని, చెయ్యిగా ఉండుమని పిలువలేదు. బండి ప్రక్కకు ఆపి, "తమ్ముడా, కేక వేసినందుకు క్షమించు" అని అడిగితిని. అతడు చాలాసేపు మాటలాడలేదు. చెట్టు క్రింద టీ తాగిన తరువాత, "అన్నా, మళ్లీ మొదటి నుంచి చెప్పు," అనెను.

మరునాడు కోత అయిపోయిన ఖాళీ చేనులో నాలుగు రాళ్లు పాతి, వాటి మధ్య బండిని త్రిప్పించితిని. అక్కడ నేర్చిన సంగతులు ఇవి.

మలుపు తిరుగునప్పుడు వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో రావు, లోపలికి కోసికొని వచ్చును. కాబట్టి కొంచెము ముందుకు పోయి తిప్పవలెను. వెనుక చక్రములకు ఆవల మిగిలిన తోక భాగము ఎదుటి ప్రక్కకు ఊగును. అక్కడ పిల్లలు, గోడలు, సైకిళ్లు ఉండునేమో చూడవలెను.

వేగము రెండింతలైతే బ్రేకు వేసిన తరువాత బండి సాగు దూరము ఇంచుమించు నాలుగింతలగును. బరువు బండితో ముందు బండికి దగ్గరగా పోరాదు.

బండి ఎత్తును టేపుతో కొలిచి, చీటీ మీద వ్రాసి డ్రైవరు కన్నుల యెదుట అంటింపవలెను. పల్లెలలో వ్రేలాడు కరెంటు తీగలకును, చింత కొమ్మలకును మన ఎత్తు తెలియదు. మనకే తెలియవలెను.

వెనుకకు పోవునప్పుడు ఒక్కడే సైగ చేయవలెను. అతడు అద్దములో కనబడుచోట నిలువవలెను. అతడు కనబడకపోయిన క్షణమున బండి ఆగవలెను. ఊరంతయు కూడి పోనియ్యి పోనియ్యి అని కేకలు వేసినను వినరాదు.

ఒక వారము ప్రతి సాయంకాలము ఇట్లు చేసితిమి. మూడవ దినమున నేను బండి దిగి చేను గట్టు మీద కూర్చుంటిని. అయిదవ దినమున సహోదరి కూడ సైగలు నేర్చుకొనెను, ఎందుకనగా రోడ్డు మీద అతని ప్రక్కన ఉండునది ఆమెయే గాని నేను కాదు. ఏడవ దినమున నేను పోలేదు. సహాయము చేయువాడు ఎప్పుడు మానవలెనో కూడ నేర్చుకొనవలెను. ఒకరి భారముల నొకరు భరింపవలెనని చెప్పిన గలతీ పత్రిక ఆరవ అధ్యాయమే, ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెనని కూడ చెప్పుచున్నది.

4. భుజముల మీద మోయవలసినది

ఇక అసలు సంగతి. అతని చిన్న వ్యాను మన వాడల సందులలోనికి, చిన్న ప్రార్థన గుడిసె వాకిటి వరకు పోయెడిది. ముసలివారు మంచము మీదనుండియే అతని గొంతు వినెడివారు. పెద్ద బండి మొదటిసారి ఒక ఊరికి పోయినప్పుడు సందు మొదట్లోనే నిలిచిపోయెను. అతడు లౌడుస్పీకరు పెట్టి, అందరిని రోడ్డు మీదికి రమ్మనెను. పిల్లలు వచ్చిరి. బండిని తాకి చూచిరి. ముసలివారు రాలేదు. ఒక అవ్వ, "అయ్యగారు పెద్దోడైండు, ఇగ మా యింటికి రాడు," అన్నదట.

ఆ మాట అతడు నాతో చెప్పి, "అన్నా, బండి అమ్మేస్తా," అనెను. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఇద్దరము సంఖ్యాకాండము ఏడవ అధ్యాయము మరల చదివితిమి. గెర్షోనీయులకు రెండు, మెరారీయులకు నాలుగు బండ్లు, కహాతీయులకు ఒక్కటియు లేదు. దేవుడు వారిని మరచెనా? లేదు. మందసము, బల్ల, దీపవృక్షము మొదలగు పరిశుద్ధమైనవి వారి వంతు. వాటిని భుజముల మీదనే మోయవలెను. తెరలను, స్తంభములను బండ్లు మోయవచ్చును. అతి పరిశుద్ధమైనది మాత్రము మనుష్యుని భుజము మీదనే ప్రయాణము చేయును.

అతడు బండి అమ్మలేదు. అతని భార్య వెన్నునొప్పి కలది, ఇన్ని ఏండ్లు వంగి పడుకొనిన ఆమెకు ఇప్పుడు నిటారుగా పడుకొను చోటు దొరికినది. అదియు దేవుని దయయే. అయితే ఇప్పుడు బండిని ఊరి బయట చింతచెట్టు క్రింద నిలిపి, బైబిలును, పాటల పుస్తకమును సంచిలో వేసికొని, సందులన్నియు నడిచి, మొదట ఆ అవ్వ గుమ్మమునకు పోవుచున్నాడు. పోయిన నెలలో నేనును అతని వెంట నడిచితిని. అవ్వ అతని చెయ్యి పట్టుకొని, "బండెక్కడ బిడ్డా?" అని అడిగెను. "ఊరి బయటున్నదవ్వా, నేను నీ దగ్గరున్న," అనెను.

ప్రియులారా, మన సంఘములలో కొందరికి పెద్ద బండి, కొందరికి పెద్ద ఇల్లు, కొందరికి పెద్ద ఉద్యోగము వచ్చుచున్నది. అసూయపడక, వారి ప్రక్కన కూర్చుండి నేర్పుడి. పొందినవారు, బండి పోలేని చోటికి ఎవరు నడిచెదరని తమ్మును తాము అడుగుకొనవలెను.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. దేవుడే నడిపించుచుండగా మోషే హోబాబు సహాయమును ఎందుకు కోరెను? మనము సహాయమడుగుటకు ఎందుకు సిగ్గుపడుదుము?

2. బండ్లను సమానముగా కాక, బరువును బట్టి పంచుటలో మన సంఘమునకు ఏమి బోధ కలదు?

3. దావీదు మంచి ఉద్దేశముతో చేసిన పనిలో ఏమి కొదువయైనది?

4. నేర్పునప్పుడు మనము కన్నుగా నుంటిమా, చెయ్యి చాపితిమా? క్షమాపణ అడుగవలసినవారు ఎవరైన కలరా?

5. మన ఊరిలో బండి పోలేని సందు ఏది? ఈ వారము అక్కడికి నడిచి పోవువారు ఎవరు?

ప్రార్థనాంశము: ఊరూరు తిరుగు సువార్తికులును వారి కుటుంబములును క్షేమముగా ప్రయాణము చేయునట్లును, వారి అడుగులు బీదల గుమ్మములను మరువకుండునట్లును ప్రార్థించుదము.