దసరా సెలవులకు ఒక సాహస నవల: ‘హ్యాచెట్’



పోయిన నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఏడో తరగతి అబ్బాయి నాన్నగారు ఒకరు నన్నడిగారు: “మేడమ్, మావాడికి ఏ స్టోరీ బుక్ కొనిచ్చినా నాలుగు పేజీలు చదివి పక్కన పడేస్తాడు. చివరిదాకా వదలకుండా చదివే పుస్తకం ఏదైనా ఉందా?” వెనకాల ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. పేరు మాత్రం చెప్పి పంపించాను. ఆ పుస్తకమే ఎందుకో చెప్పలేకపోయాను. దసరా సెలవులు దగ్గరపడ్డాయి కాబట్టి ఆ జవాబు ఇప్పుడు అందరికీ కలిపి చెబుతున్నాను.

పుస్తకం పేరు ‘హ్యాచెట్’. అంటే ఒంటి చేత్తో వాడే చిన్న గొడ్డలి. రాసినవారు అమెరికా రచయిత గ్యారీ పాల్సన్. 1987లో వచ్చింది. మరుసటి ఏడాది న్యూబెరీ ఆనర్ గౌరవం అందుకుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బాగా సరిపోతుంది.

కథ ఏమిటంటే...

బ్రయాన్‌కి 13 ఏళ్లు. అమ్మానాన్నలు విడిపోయారు. నాన్న కెనడా ఉత్తర ప్రాంతంలో ఆయిల్ ఫీల్డ్స్‌లో పనిచేస్తుంటాడు. వేసవి సెలవులకు ఆయన దగ్గరికి బ్రయాన్ ఒక చిన్న విమానంలో బయల్దేరతాడు. అందులో ఉన్నది పైలట్, తనూ ఇద్దరే. దారిలో పైలట్‌కి గుండెపోటు వచ్చి చనిపోతాడు. ఇంధనం అయిపోయేదాకా విమానాన్ని ఎలాగో గాల్లో నిలిపి, చివరికి అడవి మధ్య ఒక సరస్సులోకి దింపుతాడు ఆ పిల్లాడు.

ప్రాణాలతో ఒడ్డుకి చేరాడు. చుట్టూ మనిషన్నవాడు లేని అడవి. ఒంటిమీద బట్టలు, జేబులో ఇరవై డాలర్ల నోటు, కాస్త చిల్లర, ఒక నెయిల్ క్లిప్పర్. బెల్టుకి అమ్మ కానుకగా ఇచ్చిన చిన్న గొడ్డలి. వీటితోనే 54 రోజులు.

పిల్లల్ని పట్టి కూర్చోబెట్టే అధ్యాయం

ఒక రాత్రి చీకట్లో తన గుహలోకి ముళ్లపంది వస్తుంది. అదేమిటో తెలియక బ్రయాన్ గొడ్డలి విసురుతాడు. అది రాతిగోడకి తగిలి నిప్పురవ్వలు రాలతాయి. ఆ రవ్వలతో మంట పుట్టించవచ్చని అతనికి మర్నాడుగానీ తట్టదు. ఎండుగడ్డి, పుల్లలు పెట్టి చూస్తాడు. అంటుకోవు. ఇరవై డాలర్ల నోటుని ముక్కలు చేసి పెడతాడు. అదీ అంటుకోదు. చివరికి బర్చ్ చెట్టు బెరడుని వెంట్రుకల్లా సన్నగా చీల్చి, గంటల తరబడి కూర్చుని దూదిలాంటి ఉండ చేస్తాడు. రవ్వ దానిమీద పడి ఎర్రగా వెలిగి, మళ్లీ ఆరిపోతుంది.

క్లాసులో చదివి వినిపిస్తూ ఇక్కడ ఆపాను. “ఇంకా ఏం కావాలి?” అని అడిగాను. మామూలుగా చెయ్యి ఎత్తని ఒక అమ్మాయి, “గాలి మేడమ్. ఊళ్లో మా అమ్మమ్మ పొయ్యిని గొట్టంతో ఊదుతుంది” అంది. కథలో బ్రయాన్‌కీ అదే తడుతుంది. మెల్లగా ఊదుతాడు, మంట లేస్తుంది. మంటకి ఇంధనం, వేడి, గాలి మూడూ కావాలని సైన్స్ పీరియడ్‌లో రాసుకున్న వాక్యం ఆ రోజు వాళ్లకి నిజంగా అర్థమైంది. బాణంతో చేపని ఎన్నిసార్లు కొట్టినా ఎందుకు తప్పుతోందో తెలిసే చోట కాంతి వక్రీభవనం కూడా వస్తుంది. అది మీ పిల్లల చేతే చెప్పించుకోండి.

ఈ పుస్తకమే ఎందుకు?

మా క్లాసులో మార్కులు తగ్గిన స్లిప్ టెస్ట్ పేపర్లని బ్యాగు అడుగున దాచే పిల్లలున్నారు. తప్పు చేస్తే అంతటితో అయిపోయిందని వాళ్ల భయం. అందులో నా వంతూ ఉంది. తప్పు మీద ఎర్ర పెన్నుతో ఒక గుండ్రం చుట్టి తర్వాతి పేపర్ అందుకున్న రోజులు చాలా ఉన్నాయి. ఆ తప్పు నుంచి వాడు ఎటు వెళ్లాలో చూపించలేదు.

బ్రయాన్ పుస్తకం నిండా తప్పులే చేస్తాడు. తెలియని పళ్లు తిని కడుపునొప్పితో మెలికలు తిరుగుతాడు. కష్టపడి దాచుకున్న తాబేలు గుడ్లు ఒక జంతువు తినిపోతుంది. ప్రతిసారీ కారణం వెతుక్కుని మళ్లీ మొదలుపెడతాడు. ఒక రాత్రి బాగా ఏడ్చాక, ఏడుపు అయిపోయినా ఏదీ మారలేదని గమనిస్తాడు. పక్కన నీతి చెప్పే పెద్దవాళ్లెవరూ లేరు. అందుకేనేమో, మనం చెబితే వినని మాట పిల్లలు అతని దగ్గర వింటారు.

మీరు ముందే తెలుసుకోవలసినవి

పుస్తకం ఇచ్చేముందు రెండు సంగతులు మీకు తెలియాలి. మొదటిది, అమ్మ వేరే వ్యక్తితో ఉండడం చూసిన బ్రయాన్ ఆ రహస్యాన్ని మనసులో మోస్తుంటాడు. అసభ్యంగా ఏమీ ఉండదు. కానీ పిల్లలు ప్రశ్నలు అడుగుతారు.

రెండోది ఇంకా ముఖ్యం. ఒక విమానం తనని చూడకుండానే వెనక్కి వెళ్లిపోయాక, బ్రయాన్ నిరాశలో తనకు తాను హాని చేసుకున్నాడని పుస్తకం సగం దాటాక కొద్ది మాటల్లో వస్తుంది. అక్కణ్ణుంచి అతను తేరుకుని, ఇంకెప్పుడూ అలా చేయకూడదని నిశ్చయించుకుంటాడు. ఆ పేజీలు పిల్లలు ఒంటరిగా చదివి ఊరుకోకూడదు. “నీకెప్పుడైనా అంత దిగులు వేసిందా?” అని ఆ రోజు పక్కన కూర్చుని అడగండి. జవాబు మిమ్మల్ని కలవరపెడితే సెలవులు అయ్యేదాకా ఆగకండి, వెంటనే క్లాస్ టీచర్‌కి చెప్పండి. ప్రస్తుతం మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ బాగా దిగులుగా ఉంటే, ఈ పుస్తకం కొన్నాళ్లు ఆగి ఇవ్వడం మంచిది.

ఇంట్లో ఇలా చదివించండి

1. ఇందులో 19 చిన్న అధ్యాయాలు, చివర ఒక ఉపసంహారం ఉన్నాయి. రోజుకి రెండు చొప్పున చదివితే పది రోజుల్లో అయిపోతుంది.

2. వాక్యాలు పొట్టిగా ఉంటాయి. తెలియని ప్రతి పదానికీ డిక్షనరీ తీయనక్కర్లేదు. పేజీకి ఒక్క పదం గుర్తు పెట్టుకుంటే చాలు.

3. మీకు ఇంగ్లిష్ అంతగా రాకపోయినా పర్వాలేదు. రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు కథని తెలుగులో చెప్పమనండి. తెలుగులో చెప్పగలిగాడంటే అర్థమైనట్టే. మధ్యలో తప్పులు దిద్దకండి.

4. “నువ్వయితే ఏం చేసేవాడివి?” అని అడగండి. జవాబు ఏదైనా “ఎందుకు?” అని ఇంకొక్కటి అడగండి.

5. దీనికి పరీక్ష పెట్టకండి, సమ్మరీ రాయించకండి. నేనూ రాయించను.

నచ్చితే, బ్రయాన్ కథ ‘ది రివర్’, ‘బ్రయాన్స్ వింటర్’ అనే పుస్తకాల్లో ఇంకా ఉంది. నచ్చకపోతే బలవంతం చేయకండి. ఎక్కడ ఆపేశారో, ఎందుకు ఆపేశారో డైరీలో రెండు లైన్లు రాసి పంపండి. ఆ పిల్లలకి సరిపోయే పుస్తకం వెతకడానికి నాకది పనికొస్తుంది.

సెలవులు అయ్యాక మీ పిల్లలు స్కూలుకి వచ్చినప్పుడు నేను మార్కులు అడగను. బ్రయాన్ మంట ఎలా వేశాడో అడుగుతాను. మీకు అప్పటికే చెప్పి ఉంటారని ఆశిస్తున్నాను.