గుర్రాల లెక్క

హైదరాబాద్

చిరంజీవి చైతన్యకి,

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. అయిదు నిస్సాన్ జెడ్ కార్లు, వాటి ఎదురుగా ధర, తిరిగిన మైళ్ళు, హార్స్‌పవర్, చిట్టచివర ‘డాలరుకెన్ని గుర్రాలు’ అని ఒక గడి. 1971 నాటి 240జెడ్‌కి 151, 1991 నాటి 300జెడ్ఎక్స్ ట్విన్ టర్బోకి 300, 2004 నాటి 350జెడ్‌కి 287, 2012 నాటి 370జెడ్‌కి 332, 2023 నాటి కొత్త జెడ్‌కి 400. ‘ఏది కొనమంటావు మామయ్యా’ అని కింద ఒక ముక్క. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంజన్ టెస్ట్ బెడ్ దగ్గర నిలబడ్డవాణ్ని అడిగావు, కాబట్టి కారు సంగతి కాసేపు ఆగాలి. ముందు ఆ హార్స్‌పవర్ గడి సంగతి తేల్చుకుందాం. ఆ అయిదు అంకెల్నీ ఒకే వరసలో నిలబెట్టి పోల్చడం కుదరదు.

ఆ అంకె ఎక్కడ పుడుతుందో చెప్తాను విను. ఇంజన్‌ని దిమ్మ మీద బిగించి, దాని షాఫ్టుకి డైనమోమీటర్ తగిలిస్తాం. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, లోడు కొద్దికొద్దిగా మారుస్తూ పోతే, ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత టార్క్ వస్తోందో కాగితం మీదికి ఎక్కుతుంది. మా టెస్ట్ సెల్ గోడకి ఒక బారోమీటరు, పక్కన తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు వేలాడుతుండేవి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు లోపలికి రాగానే ఇంజన్ వైపు చూసేవాళ్ళు, పాతవాళ్ళు గోడ వైపు చూసేవాళ్ళు. అదే ఇంజన్, అదే ఆయిలు, అయినా మే నెల మధ్యాహ్నం రీడింగు జనవరి పొద్దుటి కంటే తగ్గేది. వేడిగాలి పల్చగా ఉంటుంది, సిలిండర్‌లోకి వెళ్ళే ఆక్సిజన్ తగ్గిపోతుంది. అందుకే గాలి ఒత్తిడి, వేడి, తేమ చూసుకుని అంకెని సవరించి రాస్తారు. ఏ రూలు ప్రకారం సవరించారు, కొలిచేటప్పుడు ఇంజన్‌కి ఏమేం తగిలించారు అన్నది తెలియకుండా బ్రోషర్లో అంకె చదివితే సగం చదివినట్టే.

నీ షీటులో మొదటి బండినే తీసుకో. 1969 చివర్లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్‌గా వచ్చి, అమెరికాలో నిస్సాన్ వాళ్ళ డాట్సన్ పేరుతో 240జెడ్ అయింది. 2.4 లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. ఆ 151 గ్రాస్ లెక్క. ఎయిర్ ఫిల్టరు, రేడియేటర్ ఫ్యాను, ఆల్టర్నేటర్ భారం, కారు కింద ఉండే సైలెన్సరు ఇవేవీ లేకుండా బోసి ఇంజన్‌ని కొలిచేవాళ్ళు అప్పట్లో. నీ ఆఫర్ లెటర్లో సీటీసీకీ, నెలాఖరున చేతికొచ్చేదానికీ ఎంత తేడానో దీనికీ అంతే. 1972 మోడళ్ళ నుంచి అమెరికాలో నెట్ లెక్క రాయడం మొదలైంది. అంటే ఇంజన్‌ని కారులో ఉన్నట్టే, అన్నీ తగిలించి కొలవాలి. కాబట్టి నీ షీటులో ఒక బండికి సీటీసీ, మిగతా నాలుగింటికీ చేతి జీతం రాసి పెట్టావు.

అలాగని ఆ కారుని చులకన చెయ్యకు. దాని బరువు ఇంచుమించు 1,045 కిలోలే. అమెరికాలో డాట్సన్ వ్యాపారం నడిపిన యుటాకా కటయామా తేలికగా, అందంగా, మామూలు ఉద్యోగస్తుడు కొనగలిగేలా ఉండే కారు కావాలని జపాన్‌లో పెద్దల వెంటపడి సాధించాడు. మొదట్లో ధర 3,526 డాలర్లు. కటయామా 105 ఏళ్ళు బతికి 2015లో పోయాడు. అమెరికాలో ‘మిస్టర్ కె’ అంటే ఇప్పటికీ ఆ కార్ల వాళ్ళు లేచి నిలబడతారు.

తర్వాతి కథ నీ షీటులో లేదు, ఉండాల్సింది. 1975లో 280జెడ్ వచ్చింది, ఇంజన్ 2.8 లీటర్లకి పెరిగింది, కార్బురేటర్లు పోయి బాష్ వాళ్ళ ఫ్యుయల్ ఇంజక్షన్ వచ్చింది. పొగ నిబంధనల కోసం 1973లో పెట్టిన కార్బురేటర్లు ఎంత విసిగించాయంటే, ఓనర్లు వాటిని పీకేసి పాత మోడల్‌వి వెతికి బిగించుకునేవాళ్ళు. 1978లో 280జెడ్ఎక్స్. మెత్తటి సీట్లు, ఏసీ, పవర్ స్టీరింగు, బరువు 1,280 కిలోల దరిదాపులు. హార్స్‌పవర్ 135. అంటే ఇంజన్ పెద్దదైంది, అంకె చిన్నదైంది. అందులో కొంత నిజంగానే పోయిన బలం. సీసం లేని పెట్రోలు కోసం, పొగ తగ్గించడం కోసం కంప్రెషన్ దించారు, టైమింగ్ వెనక్కి జరిపారు. మిగతాది లెక్క మారడం వల్ల పోయినట్టు కనిపించిన బలం. అయినా ఆ కారు విరగబడి అమ్ముడుపోయింది. జనం గుర్రాల్ని చూసే కారు కొంటారని నువ్వనుకుంటే ఆ రోజుల అమ్మకాలు ఒకసారి చూడు. టర్బో వచ్చాక 1981లో 180కి చేరింది. 1983లో వి6తో 300జెడ్ఎక్స్ వచ్చింది, దాని గురించి నాకు పెద్దగా చెప్పబుద్ధి కావడం లేదు.

నువ్వు మనసు పారేసుకున్న 1990ల 300జెడ్ఎక్స్ దగ్గరికి వద్దాం. 3 లీటర్ల వి6, రెండు టర్బోలు, రెండు ఇంటర్‌కూలర్లు. అమెరికాలో మాన్యువల్ గేరుకి 300, ఆటోమేటిక్‌కి 280. అదే కారుకి జపాన్‌లో మాన్యువల్ అయినా 280 పీఎస్ అనే రాశారు. పీఎస్ అంటే మెట్రిక్ గుర్రం, 280 పీఎస్ మీ లెక్కలో 276. ఇంజన్ బలహీనపడి కాదు. 1980ల చివర్లో జపాన్ రోడ్ల మీద ఏడాదికి పదివేల మందికి పైగా చనిపోతుంటే, కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకున్నాయి, 280 దాటి ఎవరూ రాయకూడదని. స్కైలైన్ జీటీ-ఆర్, సుప్రా, ఆర్ఎక్స్-7, ఎన్‌ఎస్‌ఎక్స్ ఏది చూసినా బ్రోషర్లో గీత గీసినట్టు అక్కడే ఆగేది. కానీ కొన్ని బండ్లని రోలర్ల మీదికి ఎక్కిస్తే అంతకంటే బాగా ఎక్కువే చూపించేవి. 2004లో హోండా లెజెండ్ 300 పీఎస్ అని బాహాటంగా రాసుకునేదాకా ఈ మర్యాద నడిచింది. అందుకని ఎవడైనా జపాన్ నుంచి దిగుమతి చేసిన పాత బండి చూపించి ‘276 గుర్రాలు’ అంటే, అది కొలతో ఒప్పందమో అడుగు.

350జెడ్ దగ్గర ఇంకో తమాషా ఉంది. 2003 మోడల్‌కి 287 గుర్రాలు, 274 పౌండ్-అడుగుల టార్క్. 2005లో 35వ వార్షికోత్సవం పేరుతో 300 గుర్రాల మోడల్ తెచ్చారు, టార్క్ 260కి దిగింది. ఇంజన్‌ని ఇంకొంచెం పైకి తిరగనిచ్చి చివర్లో పదమూడు గుర్రాలు సంపాదించారు, మధ్యలో పికప్ వదులుకున్నారు. ఆ 300 మోడల్ ఇంజన్ ఆయిలు తాగుతుందని కూడా పేరు పడింది. నీ గడి ప్రకారం అది మెరుగైన బండి. రోజూ నడిపేవాడి ప్రకారం కాదు. అదే ఏడాది అమెరికన్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ కొలత రూళ్ళు బిగించింది. టొయోటా క్యామ్రీ వి6 ఇంజన్‌లో ఒక్క బోల్టు మారకుండానే 210 నుంచి 190కి పడిపోయింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళం ఆ వార్త చదివి తెగ నవ్వుకున్నాం.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకో. టార్క్‌ని ఆర్‌పీఎంతో హెచ్చవేసి 5252తో భాగిస్తే ఆ వేగం దగ్గర హార్స్‌పవర్ వస్తుంది. కొత్త జెడ్‌కి 1,600 నుంచి 5,600 దాకా 350 టార్క్ చెక్కు చెదరకుండా ఉంటుంది. 3,000 దగ్గర లెక్క కడితే 200 గుర్రాలు. 370జెడ్‌కి టార్క్ గరిష్ఠంగా 270, అదీ 5,200 దగ్గర. ఉదారంగా ఆ 270 మొత్తం 3,000 దగ్గరే దొరికిందనుకున్నా 154 దాటదు. దాని 332 కావాలంటే 7,000 దాకా తిప్పాలి. ఆఫీసుకి వెళ్తూ ఏ సిగ్నల్ దగ్గర 7,000 తిప్పుతావురా? కొత్త బండి కాగితం మీద 68 గుర్రాలు ఎక్కువ, శాతాల్లో చూస్తే రోడ్డు మీద తేడా అంతకంటే పెద్దదిగా తెలుస్తుంది.

పైగా నువ్వుండేది డెన్వర్‌లో. సముద్రమట్టానికి 5,280 అడుగుల పైన. టర్బో లేని ఇంజన్‌కి వెయ్యి అడుగులకి ఇంచుమించు మూడు శాతం చొప్పున బలం పోతుంది. అంటే మీ ఊళ్ళో 332 కాస్తా 280కి, 287 కాస్తా 240కి దిగుతాయి. టర్బో ఉన్నవాటికి పల్చటి గాలిని టర్బోలే కుదించి లోపలికి తోస్తాయి కాబట్టి అంత నష్టం ఉండదు. మైదానంలో బరువుతో భాగించి చూస్తే 350జెడ్‌దే పై చెయ్యి. అది 1,450 కిలోలు, ట్విన్ టర్బో 1,580 పైచిలుకు. మీ ఊరు ఎక్కేసరికి ట్విన్ టర్బో దాన్ని దాటేస్తుంది.

ఈ ఎత్తు లెక్కతో ఒక మోసం కూడా ఉంది. అక్కడ డైనో షాపులో తీసిన చీటీ చూపించి ‘చక్రాల దగ్గరే ఇంత’ అని అమ్ముతారు. ఎత్తుకి తగ్గట్టు కంప్యూటర్ రీడింగుని పెంచి రాస్తుంది. టర్బో లేని బండికి అది న్యాయం. టర్బో బండికి అదే సవరణ వేస్తే, అసలు పోనే పోని బలాన్ని కూడా తిరిగి కలిపేసినట్టు. సవరించని రీడింగు కూడా ఇమ్మను. ఇవ్వకపోతే ఆ చీటీని చీటీగానే చూడు.

ఇక కొనుగోలు. 240జెడ్ వదిలెయ్. అది ఇప్పుడు డబ్బున్నవాళ్ళ సేకరణ వస్తువు, నేల కింద తుప్పు కనిపెట్టే కన్ను నీకింకా లేదు. ట్విన్ టర్బో అందం నాకూ తెలుసు, కానీ ఆ బానెట్ లేపి చూడు, చెయ్యి దూర్చడానికి సందుండదు. ముప్పై ఏళ్ళు దాటిన రబ్బరు గొట్టాలు, వైర్లు అన్నీ ఆ వేడిలోనే ఉడికాయి. 60,000 మైళ్ళకోసారి టైమింగ్ బెల్టు మార్చాలి, అది తెగిందా వాల్వులు వంగుతాయి. సొంత షెడ్డు, ఇంకో కారు ఉన్నవాడికి అది పండగ. ఒకటే కారుతో అద్దె ఇంట్లో ఉన్నవాడికి జాతర. కొత్త జెడ్ నీ లోను లెక్క చూశాక నేను మాట్లాడను.

నా ఓటు 370కి. మీ ఊళ్ళో 280 మిగిలినా నీ చేతికి ఆ 280 ఎక్కువే. హైడ్రాలిక్ స్టీరింగు, స్పోర్ట్ ప్యాకేజీ ఉన్న మాన్యువల్‌కైతే గేరు దించేటప్పుడు ఇంజన్ వేగాన్ని తనే సరిపెట్టే ఏర్పాటు, బెల్టు బదులు చెయిను. కానీ రెండు జబ్బులు అడిగి తెలుసుకో. క్లచ్ స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్సు లోపల ఉంటుంది, అది లీకైతే గేర్‌బాక్సు దించాల్సిందే. ముందు కవర్ వెనక ఆయిల్ దారికి వేసిన పేపర్ గ్యాస్కెట్ చిరిగితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. బండి బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ఎంతుందో మెకానిక్ చేత కొలిపించి, ఆ రీడింగు ఫొటో తీసి పంపు. బండి చల్లగా ఉన్నప్పుడు తీసిన రీడింగు చూపిస్తే ఒప్పుకోకు. క్యాటలిటిక్ కన్వర్టర్లు తీసేసి ఉత్త గొట్టాలు పెట్టిన బండి వద్దు, మీ దగ్గర పొగ పరీక్షలో నిలబడదు. మీ బంకుల్లో 85 ఆక్టేన్ కూడా అమ్ముతారు, దాని జోలికి వెళ్ళకు, 91 పోయించు. వెనక చక్రాలు తోసే బండి కాబట్టి మంచు టైర్ల ఖర్చు కూడా ఇప్పుడే షీటులో కలుపు. బేరం ఆడకముందే విన్ నంబరు ఇచ్చి ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించుకో, నీ వయసుకి వాడు చెప్పే అంకె చూస్తే ఒక్కోసారి కారే అక్కర్లేదనిపిస్తుంది.

ఆ 2012 బండి అమ్మే అతను సర్వీసు బిల్లులు ఉన్నాయన్నాడన్నావు. అవన్నీ స్కాన్ చేసి నాకు పంపు, శనివారం రాత్రి కూర్చుని చూస్తాను. మీ అమ్మకి స్పోర్ట్స్ కారని నువ్వే చెప్పుకో, నన్నడిగితే రెండు సీట్ల బండి అని మాత్రం చెప్తాను.

ఇట్లు,
మీ మామయ్య