వేసవి సేవాయాత్రలు

విద్యార్థులారా! వేసవి సెలవులనగానే మీకు మామిడితోటలును, మేనమామ ఇల్లును జ్ఞప్తికి వచ్చును. జగిత్యాల సీమ మామిడికి పేరుపొందినది గనుక, కథలాపూరు, కోరుట్ల ప్రాంతముల పిల్లలకు ఈ మాట మరింత చెల్లును. అయితే ఆ సెలవులలోనే మరియొక విధమైన ప్రయాణమునకు మూట కట్టుకొను యువతీయువకులు కలరు. పట్టణములందలి చర్చీల యువజన సంఘములవారు కొందరు వారము దినములో, పది దినములో ఒక పల్లెయందు విడిది చేయుదురు. పిల్లలకు పాటలు, చదువు నేర్పుట, పాఠశాల గోడలకు సున్నము వేయుట, బావి చుట్టునున్న బురదను తీసివేయుట మొదలగు పనులు చేసి తిరిగి వత్తురు. అమెరికా వంటి దేశములలో ఇట్టి సంఘముల పిల్లలు విమానములెక్కి ఖండాంతరములకు సైతము పోవుచున్నారు.

ఇట్టి యాత్ర మంచిదేనా అని అడిగినచో మనమందరము వెంటనే అవునందుము. పోయి వచ్చినవారికి మేలు కలుగుననుటలో సందేహము లేదు. పట్టణపు పిల్లవాడు మొదటిసారి బిందెతో నీరు మోసిననాడు నీటి వెల వానికి తెలియును. కాని ఆ పల్లెకు కలిగిన మేలెంత? పదిమంది అతిథులకు వంట చేసిన ఇల్లాలికి దక్కినదేమి? ఇట్లు అడుగుట కృతఘ్నత కాదు. సేవ పేరిట జరుగు పనికి లెక్క అడుగువారు సాధారణముగా ఉండరు, అందుచేతనే అడుగవలసియున్నది.

ఇట్టి శిబిరములకు దారి చూపినవారిలో మొదట చెప్పదగినవాడు స్విట్జర్లాండు దేశస్థుడగు పియేర్ సెరెసోల్. ఆయన 1879లో జన్మించెను. తండ్రి ఆ దేశమునకు అధ్యక్షుడుగా పనిచేసినవాడు, కుమారుడు ఇంజనీరు. 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధమున ఫ్రాన్సులోని వెర్దూను పరిసరములందలి గ్రామములు నేలమట్టమయ్యెను. 1920 చివర సెరెసోల్ కొద్దిమంది మిత్రులతో ఆ ప్రాంతమందలి ఎన్ అను గ్రామమునకు పోయి, ఇండ్లు కోల్పోయినవారికి గుడిసెలు వేయుటకును, దారులు చదును చేయుటకును పూనుకొనెను. ఆ మిత్రులలో జర్మనులును ఉండిరి. రెండేండ్ల క్రిందటి వరకు ఆ నేలమీద ఫ్రెంచివారితో పోరాడినది జర్మనుల సేనయే గదా! జర్మనుల రాక కొందరకు సహింపరానిదయ్యెను. కొన్ని నెలలకే ఆ పని ఆగిపోయెను. అయినను ఆ పద్ధతి నశింపలేదు. తరువాతి యేండ్లలో వరదలు, మంచుచరియలు పాడుచేసిన యూరపు గ్రామములలో ఇట్టి శిబిరములు జరిగెను.

1934 జనవరి 15వ తేదీన బీహారులో ఘోరమైన భూకంపము సంభవించెను. వేలకొలది జనులు మరణించిరి. బాబూ రాజేంద్రప్రసాదుగారు సహాయ కార్యక్రమమునకు నాయకులైరి. ఆ వార్త విని సెరెసోల్ మన దేశమునకు వచ్చెను. అప్పటికి ఆయనకు ఏబదియైదేండ్లు. కొలదిమంది యూరపు మిత్రులతో కలిసి, 1937 వరకు పలుమారులు వచ్చి, వరద ముంపునకు గురియగు పల్లెలను మెరకనేలమీద తిరిగి కట్టు పనిలో పాల్గొనెను. చదువుకొన్నవాడు మట్టితట్ట నెత్తిన పెట్టుకొనుట మన దేశమున చిన్నతనముగా తలచుచున్న రోజులవి. ఒక్క తెల్లవాడు మోసిన మట్టి ఎంత? ఊరి కూలీ మోసినదానికంటె తక్కువయే యుండవచ్చును. కాని తట్ట ఎత్తుట ఎవరికిని తక్కువతనము కాదని చూపుట ఆ పనిలో నొక భాగము.

అంతకు ముందే, 1929లో, గాంధీమహాత్ముడు విద్యార్థులు తమ సెలవులన్నిటిని గ్రామసేవకే వినియోగింపవలెనని వ్రాసియుండెను. దూరదేశములకు పోనక్కరలేదనియు, తమ విద్యాలయమునకు నడిచిపోదగినంత దూరములోనున్న పల్లెలకే పోవలెననియు ఆయన అభిప్రాయము. ఈ చిన్న మాటను చాలమంది మరచినారు. నడిచిపోదగిన పల్లెకు మరునెలలో మరల పోవచ్చును. విమానమెక్కి పోయిన ఊరికి మరల పోవుట కల్ల. మహాత్ముని శతజయంతి సంవత్సరమగు 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, మన ప్రభుత్వము జాతీయ సేవా పథకమును 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభించెను. తొలియేట సుమారు 40,000 మంది విద్యార్థులు అందులో చేరిరి. అది కళాశాలల సంగతి గనుక ఇచ్చట విస్తరింపను.

ఇక లెక్క సంగతి. 1998 అక్టోబరులో మిచ్ అను తుపాను మధ్య అమెరికాలోని హోండురాస్ దేశమును ముంచివేసెను. వేలాదిమంది చనిపోయిరి, లక్షలమంది నిలువ నీడ లేనివారైరి. ఉత్తర అమెరికా చర్చీల బృందములు అనేకములు అచ్చటికి పోయి, తమ చేతులతో ఇండ్లు కట్టి ఇచ్చినవి. ఆ దేశముననే నివసించుచున్న కర్ట్ వెర్ బీక్ అను సమాజశాస్త్రజ్ఞుడు తరువాత ఆ కుటుంబములవారిని కలిసి విచారించెను. బృందములు వచ్చి కట్టిన ఇంటికి, వారి ప్రయాణవ్యయముతో సహా, సుమారు 30,000 డాలర్లయ్యెను. అటువంటి ఇంటినే స్థానిక సంస్థలు సుమారు 2,000 డాలర్లకు కట్టినవి. ఒక బృందపు ఖర్చుతో పదునైదు ఇండ్లు లేచియుండెడివన్న మాట! ఇల్లు ఎవరు కట్టినను అందులో కాపురముండువారి జీవితములో చెప్పదగిన భేదము కనబడలేదనియు ఆయన వ్రాసెను. చెమటోడ్చి పనిచేసిన ఆ యువకులను చూచి మనము నవ్వరాదు. వారి మనస్సు మంచిదే. కాని ఊరిలో తాపీమేస్త్రి పనిలేక కూర్చుండియుండగా, తాపీ పట్టుట రానివాడు సముద్రము దాటి వచ్చి గోడ కట్టుట వింతయే గదా!

దీనికి మారుగా మన తెలంగాణములోనే ఒక నిదర్శనము కలదు. మెదకులోని మహాదేవాలయమును మీలో కొందరు చూచియుందురు. వెస్లియను మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ అను ఆంగ్లేయుడు దానిని పదేండ్లు కట్టించెను. 1924 డిసెంబరు 25వ తేదీన అది ప్రతిష్ఠింపబడెను. కరవుతో అలమటించుచున్న చుట్టుపట్ల ప్రజలకు పని కల్పించి, వారి ఆకలి తీర్చుటకై ఆ కట్టడము పూనినట్లు ప్రసిద్ధి. అంత పెద్ద గుడి కావలెనా అను వాదమును పెద్దలకు విడిచిపెట్టుదము. రాయి మోసినది ఊరివారు; తిండి దొరికినదియు ఊరివారికే. ఇచ్చట మనకు కావలసినది అంతమాత్రమే.

కోరుట్ల నుండి మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరి, అచ్చటినుండి దక్షిణముగా పోయినచో నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లి వచ్చును. అచ్చట 1915లో కుష్ఠురోగులకై ఒక ఆసుపత్రి వెలసెను. దానికి కారకురాలు స్కాట్లండునుండి భర్తతోకూడ 1907లో మన దేశమునకు వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్. నిజామాబాదునకు చెందిన నర్సాగౌడుగారు ధనసహాయము చేసిరి. ఆ కాలమున కుష్ఠురోగి నీడ సోకినను భయపడువారు. ఆమె చాల్‌మూగ్రా నూనెను సూదిమందుగా ఇచ్చుచు రోగులకు చికిత్స చేసెను. ఆ సూదులు బాధాకరములు; ఒకటి రెండు నెలలలో ముగియునవియు కావు. నేడు మాత్రలతోనే పూర్తిగా నయమగుచున్న ఆ వ్యాధికి, నాడు ఏండ్ల తరబడి రోగి దగ్గర కూర్చుండువారు కావలసివచ్చెను. 1932లో మరణించు వరకు ఆమె ఆ పని విడువలేదు. పది దినముల యాత్రికునకు ఇట్టి పని సాధ్యము కాదు. సాధ్యమని తలచుటయు పొరపాటు.

అట్లయిన పది దినముల యాత్ర పనికిరాదా? పనికివచ్చు సమయములు కలవు. 1977 నవంబరు 19వ తేదీన కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచినపుడు, ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది మృతిచెందిరి. ఊళ్లలో మిగిలినవారు తమవారి శవములను గుర్తించుటకే శక్తి చాలక యుండిరి. అప్పుడు బయటినుండి వచ్చిన విద్యార్థులు, స్వచ్ఛంద సేవకులు శవదహనమునకును, పశువుల కళేబరములను తొలగించుటకును తోడ్పడిరి. అచ్చట కూలి పోవుననెడు ప్రశ్న లేదు. చేతులు చాలని చోటికి చేతులు వచ్చినవి.

కథలాపూరు మండలమునకు అట్టి ఆపద లేదు. పూర్వము కరీంనగర్ జిల్లాలోనుండి, 2016 అక్టోబరులో ఏర్పడిన జగిత్యాల జిల్లాలో చేరిన ఈ మండలము పొలము పనులమీద బ్రదుకు ప్రాంతము. చాల ఇండ్లలో మగవారు గల్ఫు దేశములకు కూలికి పోయినారు. ఆడవారు బీడీలు చుట్టుదురు. తునికాకును నానబెట్టి, కత్తెరతో కత్తిరించి, పొగాకు పొడి నింపి, దారము చుట్టి, వేయి బీడీలకు ఇంతయని కూలి తీసికొందురు. ఇట్టి ఇంటికి పదిమంది అతిథులు వచ్చిరనుకొనుడు. ఆ తల్లి “రండి బిడ్డా, కూసోండి” అని చాట ప్రక్కకు పెట్టి పొయ్యి అంటించును. పొయ్యి దగ్గర గడిచిన రెండు గంటలలో ఆమె చుట్టవలసిన బీడీలు మిగిలిపోవును. రాత్రి దీపము దగ్గర కూర్చుండి వానిని పూర్తిచేయును. అతిథులకు ఈ సంగతి తెలియనే తెలియదు, ఆమె చెప్పదు. కావున యువజన సంఘము బియ్యము, పప్పు తనతో తెచ్చుకొని, తన వంట తానే చేసికొనుట మొదటి మర్యాద.

రెండవది పని యేదో తెలిసికొనుట. 2005 నాటి చట్టముతో వచ్చిన ఉపాధి హామీ క్రింద, వేసవిలో చెరువుల పూడిక తీయు పనులు ఊరివారికి కూలి పెట్టెను. అట్టి పని జరుగు చోట పట్టణపు యువకులు ఉచితముగా పార పట్టినచో ఊరివారి కూలికి గండి కొట్టినట్లగును. అంతకంటె, గల్ఫునకు పోయిన కుమారుని కాగితములు, బ్యాంకు పత్రములు, పింఛను దరఖాస్తులు చేతబట్టుకొని ఎవరు చదివిపెట్టుదురా అని ఎదురుచూచు ముసలమ్మకు ప్రక్కన కూర్చుండి చదివి చెప్పుట మేలు. లెక్కలలో వెనుకబడిన ఆడపిల్లకు సాయంత్రము గంటసేపు చెప్పుటయు మేలే. ఇవి ఛాయాచిత్రములలో అందముగా కనబడు పనులు కావు. ఏవి కావలెనో శీతకాలములోనే ఇద్దరు పెద్దవారు పోయి, ఊరివారిని, ముఖ్యముగా ఆడవారిని, అడిగి రావలెను.

ఎండ సంగతియు మరువరాదు. మే నెలలో ఇచ్చట వేడి 45 డిగ్రీలకు చేరిన దినములు కలవు. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి పని ఆపవలెను. ఉత్సాహముకొద్దీ మధ్యాహ్నము దాక నిలిచి వడదెబ్బ తిన్నవానిని ఆసుపత్రికి మోయు భారము మరల ఊరివారిమీదనే పడును.

మొక్కలు నాటుదమని చాల సంఘములు కోరును. మే నెలలో నాటిన మొక్క సాధారణముగా వారములో వాడిపోవును. గుంతలు మాత్రము వేసవిలో త్రవ్వియుంచి, మృగశిర కార్తె వచ్చి నేల తడిసిన పిమ్మట, బృందములోని ఇద్దరు మరల వచ్చి మొక్కలు నాటిపోవలెను. అప్పుడు సెలవులుండవు, ఆదివారము నాటి బస్సెక్కి వచ్చి, సాయంత్రమునకే మరలవలసివచ్చును.