మీటరుంపావు యూనిఫాం బట్టతో కిల్ట్

బడి వార్షికోత్సవంలో మీ వాణ్ని బ్యాగ్‌పైపర్ వేషం కట్టించి తీసుకురమ్మన్నారనుకోండి. వేషాలు అద్దెకిచ్చే చోట మామూలుగా దొరికేది ఎలాస్టిక్ ఎక్కించిన ఎర్ర గళ్ల లంగా. దాన్ని బ్యాగ్‌పైపర్లు కట్టే కిల్ట్ అనడానికి నోరు రాదు. అసలైన స్కాట్లాండ్ కిల్టుకు ఎనిమిది గజాల ఉన్ని బట్ట పడుతుంది. అది పిరం. పైగా మన నస్పూర్ ఎండకు పిల్లవాడికి ఉన్ని కట్టడమంటే పగ తీర్చుకోవడమే. యూనిఫాం బట్టతో కుట్టుకోవచ్చు. యూనిఫాం స్కర్టు కుట్టడం వచ్చినవాళ్లకు ఇదేమంత గొప్ప పని కాదు. సింగరేణి సేవా సమితి కుట్టు శిక్షణకు వెళ్లొచ్చినవాళ్లు, 2024లో సర్కారు బడుల యూనిఫాంలు కుట్టిన మహిళా సంఘాలవాళ్లు మన వాడల్లోనే ఉన్నారు. కష్టం కుట్టులో లేదు, గళ్ల లెక్కలో ఉంది.

1. వంశం పేరు వెతక్కండి. స్కాట్లాండ్‌లో ఈ గళ్లను టార్టన్ అంటారు. ఒక్కో వంశానికి, రెజిమెంటుకు, ఊరికి ఒక్కో నమూనా. వాటిని నమోదు చేయడానికి అక్కడి పార్లమెంటు 2008లో చట్టం చేసింది, 2009 నుంచి రిజిస్టర్ నడుస్తోంది. ఎర్ర నేల మీద పచ్చ, నీలం, పసుపు, తెలుపు గీతలతో బిస్కెట్ డబ్బాల మీద కనబడేది రాయల్ స్టూవర్ట్, రాజకుటుంబం పేరున ఉన్నది. మన యూనిఫాం గళ్లకు ఏ వంశమూ లేదు, ఎవరూ అడగరు. (1746లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ కట్టునే నిషేధించింది. 1782 దాకా ఆ నిషేధం తియ్యలేదు. ఈనాటి ఈ గౌరవమంతా ఆ తర్వాత వచ్చినదే.)

2. బట్ట తిప్పి చూసి కొనండి. వెనకవైపు రంగు వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన గళ్ల బట్ట. అచ్చు గీతలు పోగు వెంట తిన్నగా పోవు, అందుకే కుచ్చు పెట్టగానే వంకర తేలుతుంది. రెండు వైపులా ఒకేలా ఉంటే నేతలో వచ్చిన గళ్లు, అవే కావాలి. పాలిస్టర్ విస్కోస్ కలిసిన యూనిఫాం బట్ట మడత బాగా పడుతుంది, ఉతికినా నిలుస్తుంది. నూలు గళ్ల లుంగీ బట్ట చూడ్డానికి ఎంత బాగున్నా కుచ్చు నిలవదు, గంజి పెట్టినా రెండో పాటకు నలుగుతుంది.

3. జూన్‌లో బళ్లు తెరిచేముందు కాదు, వర్షాకాలం సగమయ్యాక కొనండి. మంచిర్యాల బజారులో అప్పటికి తాను చివర మిగిలిన కట్ పీసులు అగ్గువకు ఇస్తారు. మనకు కావలసింది 58 అంగుళాల పన్నా ఉన్న బట్ట మీటరుంపావు, అంతే. సిరిసిల్ల మరమగ్గాల మీద యూనిఫాం బట్ట చాలా తయారవుతుంది కాబట్టి, అటు చుట్టాలుంటే ఓ మాట చెప్పి ఉంచండి.

4. గడి కొలవండి. దీన్ని దాటేస్తే మిగతాదంతా దండగ. ఒక రంగు గీత దగ్గర టేపు పెట్టి, అదే గీత అదే వరుసలో మళ్లీ వచ్చేదాకా కొలవండి. అది 4 అంగుళాలనుకుందాం. నిలువునా అడ్డంగా ఒకే కొలత ఉండాలని లేదు, నడుం చుట్టూ తిరిగే దిక్కులో వచ్చినదే లెక్క.

5. ఇప్పుడు లెక్క. పదేళ్ల పిల్లవాడికి నడుం 24, సీటు 28 అంగుళాలనుకోండి. కిల్టుకు ముందు కుచ్చులుండవు. ముందు ఒక సాదా పలక, దాని కింద దాగే మరో పలక, వెనక సగం మాత్రమే కుచ్చులు. సీటు దగ్గర పై పలక 14, లోపలి పలక 14. వెనక మిగిలిన 14 అంగుళాల్లో అంగుళానికొకటి చొప్పున 14 కుచ్చులు.

కుచ్చులు రెండు రకాలుగా పెట్టొచ్చు. మడిచినా వెనక గళ్లు చెదరకుండా, ముందున్నట్టే కనబడాలంటే లోపల దాగే బట్ట సరిగ్గా ఒక గడి ఉండాలి. బయట 1, లోపల 4, కుచ్చుకు 5 అంగుళాలు. పద్నాలుగింటికి 70. అట్లా కాక ప్రతి కుచ్చు మీదా ఒకే గీత రావాలంటే బయట 1, లోపల 3, కుచ్చుకు 4. పద్నాలుగింటికి 56. స్కాట్లాండ్ సైనిక రెజిమెంట్లలో ఈ రెండో పద్ధతి ఎక్కువ. నడుస్తుంటే వెనక గీతలన్నీ విసనకర్ర విప్పినట్టు విచ్చుకుంటాయి. వేదిక మీద చూసేవాళ్లకు ఇదే బాగుంటుంది, బట్టా తక్కువ పడుతుంది. నన్నడిగితే ఇదే కుట్టమంటాను.

మొదటి పద్ధతికైనా పలకలు 28, కుచ్చులు 70, అంచుల మడతలకు 6, వెరసి 104 అంగుళాలు. పన్నాను అడ్డంగా రెండు ముక్కలు కోస్తే 116 వస్తుంది. పెద్దవాళ్లకైతే, సీటు 40 ఉంటే, మూడు ముక్కలు, రెండుంపావు మీటర్లు.

6. పొడవుకు పిల్లవాణ్ని మోకాళ్ల మీద నిలబెట్టండి. అంచు నేలకు అంగుళం పైన ఆగాలి. 17 వచ్చిందనుకుంటే కింది మడతకు, నడుం కుట్టుకు కలిపి 19 కొయ్యాలి. రెండో ముక్కను మొదటిది ఏ గీత దగ్గర మొదలైందో అదే గీత దగ్గర మొదలుపెట్టండి. కత్తెర పెట్టేముందు ఒక పోగు లాగితే దారి కనబడుతుంది, దాని వెంట కొయ్యండి. మిగిలిన పట్టీ నడుం పట్టీకి సరిపోతుంది.

7. అతుకు కుచ్చు లోపలి మడతలో దాగాలి. గీత మీద గీత పెట్టి గుండుసూదులు గుచ్చి, కచ్చాకుట్టు వేసి, ఆ తర్వాతే మిషన్ మీద పెట్టండి. కింది అంచు కూడా కుచ్చులకు ముందే మడిచి కుట్టెయ్యాలి. తర్వాత ఆ పని మన వల్ల కాదు.

8. నడుముకు, సీటుకు 4 అంగుళాల తేడా ఉంది కదా. అందులో రెండంగుళాలు కుచ్చుల్లో పోవాలి. ఒక్కో కుచ్చును నడుం దగ్గరికి వచ్చేసరికి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సన్నం చేయండి. పద్నాలుగు కుచ్చుల మీద దాదాపు రెండంగుళాలు తగ్గుతుంది. మిగతా రెండంగుళాలు పలకల పక్కల్లో తియ్యండి. నడుం నుంచి సీటు దాకా నాలుగైదు అంగుళాలు కుచ్చుల అంచు కుట్టేసి, కింద వదిలెయ్యాలి. అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉండాలి.

9. ఇస్త్రీ కచ్చాకుట్టు విప్పకముందే. కుచ్చుల మీద కింది దాకా పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేసి, తడిపి పిండిన నూలు గుడ్డ పరిచి అద్దండి, జరపొద్దు. పాలిస్టర్ మీద వేడి పెట్టె నేరుగా పెడితే మెరుపు మచ్చ పడుతుంది, అది పోదు. పూర్తిగా చల్లారాక దారం లాగండి.

10. నడుం పట్టీ దగ్గర బట్ట పొరలు పొరలుగా ఉంటుంది. 16 నంబరు సూది వేసుకుని, చక్రం చేత్తో తిప్పుతూ కుట్టండి.

11. వెల్క్రో వద్దు. గంతులేస్తుంటే ఊడుతుంది, ఊడేటప్పుడు చప్పుడు కూడా. లోపలి పలక ఎడమవైపు నాడాతో కట్టాలి, పై పలక కుడివైపు రెండు ప్యాంటు హుక్కులు. చిరిగిన బడి సంచి పట్టీలకుండే బకిల్సు దాచుకుని ఉంటే ఇంకా మేలు, అసలు కిల్టుకూ తోలు పట్టీలూ బకిల్సే.

12. పై పలక కుడి అంచును మడిచి కుట్టకండి. అంచుకు ముప్పావు అంగుళం లోపల ఒక మిషన్ కుట్టు వేసి, దాని దాకా పోగులు లాగేస్తే ఝాలరు వస్తుంది. ఆ పని పిల్లలకు అప్పగించండి. కింద కుడి మూలకు పెద్ద పిన్నీసు పెడతారు. అది పై పలకకు మాత్రమే గుచ్చాలి. రెండు పలకలనూ కలిపి గుచ్చితే అడుగు వెయ్యగానే బట్ట చిరుగుతుంది.

13. లోపల బడి నిక్కరు వెయ్యండి. స్కాట్లాండ్ వాళ్లు ఏం వేసుకుంటారన్నది వాళ్ల గొడవ.

14. కార్యక్రమం అయ్యాక మూలకు పడెయ్యకండి. ముందు పలకల్ని విప్పి, వాటినీ కుచ్చులు పెట్టేస్తే అక్కకో చెల్లెకో స్కర్టు అవుతుంది. అందుకే నడుం పట్టీని మరీ గట్టి కుట్టుతో బిగించొద్దు. ఉతికేటప్పుడు కుచ్చుల్ని మళ్లీ కచ్చాకుట్టు వేసి, చేత్తో జాడించి, నడుం పైకి పెట్టి నీడలో ఆరెయ్యండి.